మూడు వీపుల వెనక

మా అమ్మ తన కోడలిని పేరు పెట్టి పిలిచేది కాదు. "మొదటిదానా" అనేది. "మొదటిదానా, దూడని కట్టేశావా?" "మొదటిదానా, పొయ్యిలో కట్టె ఎగదొయ్యి." కోడలికి ఇంత గౌరవమేమిటని మొదట్లో చుట్టుపక్కల ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు గాని, ఏళ్లు గడిచేసరికి వాళ్ల చెవులకీ అది మామూలైపోయింది. ఆ పిలుపు వినబడినప్పుడల్లా మా వదిన జెబివోట్ కాస్త తల వంచుకుని "ఆఁ, అత్తయ్యా" అనేది. ఎంత వినయమో అని మా కప్తులోన్ కొండంతా చెప్పుకునేది. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అది వినయం కాదు, సిగ్గు.

సంగతేమిటంటే, మా వదిన జన్మలో ఏ పరుగు పందెంలోనూ మొదట రాలేదు.

మరి ఆ పిలుపు ఎలా వచ్చిందంటే, అందులో ఎవరి అబద్ధమూ లేదు. వదిన పుట్టిల్లు నంది తెగవాళ్ల కొండల వైపు. ఆడపిల్లల బోర్డింగు బడిలో చదివేటప్పుడు వాళ్ల జట్టు ఒకసారి ప్రావిన్సు మొత్తానికీ దూరపు పరుగులో గెలిచింది. లారీలో తిరిగొస్తుంటే, నిజంగా మొదట వచ్చిన పిల్లకి మలుపుల్లో కడుపు తిప్పి, తల బయటికి వేలాడేసుకుని కూర్చుంది. కప్పు పట్టుకోవడానికి ఖాళీ చేతులు వెనక తలుపు దగ్గర నిలబడ్డ జెబివోట్‌వే. లారీ వాళ్ల ఊరి సంత పక్కగా పోతున్నప్పుడు, గొర్రెల్ని అమ్మడానికొచ్చిన ఆవిడ మేనమామ తలెత్తి చూశాడు. మేనకోడలు లారీ మీద నిలబడి ఉంది, చేతుల్లో వెండి రంగు కప్పు ఎండకి మెరుస్తోంది. ఆయన ఇంకేం అడగలేదు. అడ్డదారిన ఇంటికి పరుగెత్తాడు. ఆ వంశంలో అందరికీ కాళ్లు మంచివే. ఆ సాయంత్రం వదిన సెలవులకని ఇల్లు చేరేసరికి అమ్మడానికి తీసుకెళ్లిన గొర్రె అమ్ముడుపోకుండానే కుండలో ఉడుకుతోంది. గొర్రె ఉడికాక నిజం చెప్పడం ఎవరి తరం?

తర్వాత మావాళ్లు మా అన్నయ్య బర్నబా కోసం ఆ పిల్లని అడగడానికి వెళ్లారు. పొద్దుటి నుంచి పెద్దలు మాటలు సాగదీసి సాగదీసి, పిల్ల గుణగణాల దగ్గరికి వచ్చేసరికి ఆ మేనమామే లేచి, గుండె మీద చెయ్యేసుకుని, "మా పిల్ల ప్రావిన్సులో మొదటిది, కప్పు ఈ కళ్లతో చూశాను" అన్నాడు. ఆయన చూసింది నిజమే. లోపలి గదిలో కూర్చున్న పిల్లని అలాంటప్పుడు అడిగేది ఒక్కటే ప్రశ్న: వచ్చినవాళ్లు నీకు ఇష్టమేనా, కన్యాశుల్కం కింద ఇచ్చే పశువుల్ని తోలుకు రమ్మనొచ్చా అని. దానికి అవునో కాదో చెప్పాలి. మధ్యలో కప్పు సంగతి సవరించడానికి చోటు లేదు. అవునంది. మా అమ్మ ఆ రోజు ఆవుల లెక్క కూడా సరిగా వినలేదట. కప్పు దగ్గరే ఆగిపోయింది.

ఇదంతా వదిన నాతో చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. బడి గేటుకి ఎదురుగా నాకో టీ కొట్టు ఉంది. వదిన ఆ బడిలోనే చిన్న తరగతి పంతులమ్మ. ఒక సాయంత్రం వాన పట్టుకుంటే నా దగ్గర ఆగిపోయింది. రేకుల మీద వాన పడుతుంటే పక్క బల్ల మీది మనిషికి కూడా మన మాట వినబడదు. రహస్యాలు చెప్పుకోవడానికి మా కొండ మీద అంతకంటే మంచి చోటు లేదు.

"సలీనా, నేను నాలుగోదాన్ని," అంది.

"ఎందులో వదినా?"

"అన్నిట్లోనూ," అని టీ ఊదుకుంది.

జట్టు పరుగులో లెక్క ఇలా ఉంటుంది. ఒక బడి నుంచి ఎంతమంది పరుగెత్తినా, ముందుగా వచ్చిన నలుగురి స్థానాలే కూడతారు. ఏ బడి మొత్తం తక్కువైతే కప్పు ఆ బడిది. వాళ్ల జట్టుని చూసుకున్నది చెమ్‌వేనో మాస్టారు. ఆయన చెప్పేది వ్యవసాయ పాఠం. పిల్లల కాళ్లనీ విత్తనాలనీ ఒకే కంటితో చూసేవాడు. మొదటి ఏడాది వదిన కూడా అందరిలాగే మొదట రావాలనే పోయింది. జిల్లా పోటీలో తుపాకీ మోగగానే దూసుకెళ్లి ముందు నిలబడింది. దారి పక్కనున్న జనం ఆమె పేరు అడిగి తెలుసుకుని మరీ అరిచారు. ఆ అరుపులు అయ్యేలోపే ఊపిరి అయిపోయింది. తుమ్మ చెట్టు వెనకాల వాంతి చేసుకుని, నడిచి, మళ్లీ పరుగెత్తి గమ్యం చేరేసరికి అక్కడ తాళ్లు చుట్టేస్తున్నారు. తాడు చుడుతున్నవాడు పాపమని ఒక కొస కింద పెట్టి దారిచ్చాడట. వాళ్ల బడి ఓడిపోయింది.

మాస్టారు మర్నాడు పొద్దున్నే పిలిచి చేతిలో ఉడికించిన చిలగడదుంప పెట్టి, "ఆవు మూడు కాళ్ల మీద నిలబడుతుంది గాని కొండెక్కదు," అన్నాడు. "మెరికల్లాంటి ముగ్గురు ప్రతి బడిలోనూ ఉంటారమ్మా. నాలుగోది ఎక్కడుందన్నదే లెక్క. ఇవాళ్టి నుంచి నువ్వు నాలుగోదానివి. నీ ముందు మన బడి నీలం చొక్కాలు మూడు కనబడాలి. నీకూ వాటికీ మధ్య ఎవరూ దూరకూడదు. అంతే నీ పని."

"కోపం రాలేదా వదినా?" అని అడిగాను.

"వచ్చింది. దుంప తిన్నాక పోయింది."

ఆ తర్వాత బడి విడిచేదాకా వదిన చూసింది వీపులే. ఆ ముగ్గురి మొహాలు ఇప్పుడు సరిగా గుర్తులేవు గాని, వీపులు గీసి చూపించమంటే చూపిస్తానంటుంది. ఒకతి అలిసిపోతే ఎడమ భుజం లేస్తుంది. ఇంకొకతి ఎత్తు వస్తే మెడ లోపలికి లాక్కుంటుంది. మూడోదానికి చెమట ముందు నడుము దగ్గర పడుతుంది.

మాస్టారు నేర్పిన వాటిలో వదినకి అన్నిటికంటే కష్టమనిపించింది మొదటి మైలు. "మొదటి మైలు సిగ్గుపడుతూ పరుగెత్తాలి. సిగ్గు వెయ్యడం లేదంటే ఎక్కువ వేగంగా పోతున్నావన్నమాట," అనేవాడట ఆయన. సిగ్గు ఎందుకంటే, మా వైపు దారి పక్కన నిలబడేవాళ్లు నోరు మూసుకుని నిలబడరు. పాలక్యాను మోస్తున్న ముసలమ్మ కూడా ఆగి, "ఏమే పిల్లా, ఏదైనా పారేసుకున్నావా, వెతుక్కుంటూ పోతున్నావు?" అంటుంది. చంకలో పిల్లాడినెత్తుకున్నది, "నిలబడు, వీణ్ణి కూడా దింపుతాను, నీకు తోడొస్తాడు," అంటుంది. అవన్నీ వింటూ, నవ్వుతూ, దాటిపోతున్న వాళ్లందరినీ పోనిస్తూ పరుగెత్తాలి. రెండో కొండ ఎక్కేసరికి వాళ్లలో సగంమంది నడుస్తుంటారు.

ఇంకొకటి ఊపిరి సంగతి. "నీ ఊపిరి నీకు అబద్ధం చెబుతుంది, చచ్చిపోతున్నానని ఊరికే ఏడుస్తుంది. పక్కదాని ఊపిరి విను. అది తెగితే అప్పుడు కదులు." ఈ చదువు వదినకి బడిలోనే కాదు, మా ఇంట్లోనూ పనికొచ్చింది. మా అన్నయ్య మాట్లాడుతుంటే ఆవిడ మాటలు వినదు, ఊపిరి వింటుంది.

మా అన్నయ్య సంగతి కూడా చెప్పాలి. బర్నబా మంచివాడు, కాని ఏ పనైనా గంతేసి మొదలుపెడతాడు. తేనెపట్టు పెట్టెలన్నాడు, మూడో పెట్టె దగ్గర ఆపాడు. చేపల చెరువన్నాడు, తవ్వించాడు, ఊరందరికీ చేపల కూర తినిపిస్తానని చెప్పి వచ్చాడు. మా కొండ చలికి ఆ చేపలు ముడుచుకుని అడుగున కూర్చున్నాయి, పెరగలేదు. అన్నయ్య చెరువు వైపు వెళ్లడం మానేశాక వదిన నిదానంగా దానికి ఒక పక్క మెట్టు కొట్టించి దూడలు నీళ్లు తాగేలా చేసింది. ఇప్పుడు ఎండాకాలంలో సగం ఊరి పశువులు అక్కడే తాగుతాయి. పొద్దున్నే అన్నయ్య కొత్త ఆలోచన చెబుతుంటే వదిన పాలు పితుకుతూ వింటుంది. గుక్క తిప్పుకోకుండా చెబితే, "అలాగే, చూద్దాం," అంటుంది. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటే మాత్రం, "ఈసారి నిజంగా చేస్తాడు," అని నాతో అంటుంది. ఒక్కసారి కూడా ఆవిడ అంచనా తప్పలేదు.

ఆవిడ జీవితమంతా మొదటి మైలు లాగే సాగింది. తోటి పిల్లలు పంతులమ్మలై, ప్రధానోపాధ్యాయినులై పోయాక ఈవిడ శిక్షణకి వెళ్లింది. అందరి ఇళ్ల మీదా రేకులు మెరుస్తున్నప్పుడు ఈవిడ ఇంటి మీద గడ్డే ఉంది. పిల్లలు కూడా ఆలస్యంగానే కలిగారు. ఆ మధ్య కాలంలో జనం అన్న మాటలు నేను ఇక్కడ రాయను. "ఏమనిపించేది వదినా?" అంటే, "దాటిపోయేవాళ్లని దాటనివ్వడం నాకు అలవాటేగా," అంటుంది. అది సర్దుకుపోవడం అనుకునేరు, కాదు. ఆవిడకి నిజంగానే తొందర లేదు. సంతలో ఆకుకూర బేరమాడేటప్పుడు చూడాలి. మూడు కొట్లు తిరిగి, మొదటి కొట్టుకే వచ్చి, అలసిపోయిన అమ్మకందారు ఊపిరి విడిచిన క్షణాన ధర అడుగుతుంది.

ఇలా హాయిగా పోతుండగా బడిలో తల్లుల పరుగొచ్చి పడింది.

కొన్నిచోట్ల బడి ఆటల రోజున తల్లులు నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నాలుగడుగులు నడుస్తారట. మా బడిలో ఒక ఏడాది అలా పెట్టబోతే తల్లులు కోప్పడ్డారు. నాలుగడుగులకి ఒళ్లు వేడెక్కను కూడా వేడెక్కదు, మమ్మల్ని ఏమనుకున్నారు అన్నారు. మా కొండ మీద తల్లుల్లో సగంమంది చదువుకునే రోజుల్లో ఏదో ఒక బడి చొక్కా వేసుకుని పరుగెత్తినవాళ్లే. అందుకని ఆ ఏడు బడి గేటు నుంచి బయల్దేరి, సరుగుడు తోపు చుట్టి, పశువుల్ని మందునీళ్లలో ముంచే తొట్టి దాకా వెళ్లి రావాలని పెట్టారు. పంతులమ్మ అయినా సరే, పిల్ల ఆ బడిలో చదువుతుంటే పరుగెత్తాల్సిందే. వదిన చిన్నకూతురు అప్పుడు అక్కడే చదువుతోంది.

మా అమ్మకి ఇంతకాలానికి పండగొచ్చింది. చర్చిలో అమ్మ పక్క బల్ల మీద కూర్చునేది కోగో తాపుతనీ. ఇద్దరూ ఒకే ఏడు పెళ్లై ఈ కొండెక్కినవాళ్లు. అప్పటినుంచీ దేనిలోనూ ఒకరికొకరు తగ్గలేదు. ఊళ్లో ముసలమ్మలందరినీ కోగో అనే పిలుస్తాం. ఆ కోగో కోడలు రేల్ వయసులో చిన్నది, రంగు బూట్లు వేసుకుని పొద్దున్నే మొగవాళ్ల గుంపుతో సాధన చేస్తుంది.

"మా రేల్ కూడా పరుగెడుతోందిలే," అంది తాపుతనీ, ఆదివారం.

"పరుగెత్తనీ. దుమ్ము కళ్లల్లో పడకుండా చూసుకోమను," అంది మా అమ్మ.

"ఎవరి దుమ్ము?"

"మొదటిదాని దుమ్ము. ఇంకెవరి దుమ్ము?"

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన ధైర్యం చేసింది. నేనూ అక్కడే ఉన్నాను.

"అత్తయ్యా, ఆ కప్పు సంగతి ఒకటి చెప్పాలి మీకు."

"కప్పు సంగతి నాకు తెలీదా? మీ మేనమామ చెప్పాడుగా."

"ఆయన చూసింది లారీ మీద..."

"చూసినవాడు చెప్పాడు. చూడనిదాన్ని నేనెందుకు కాదంటాను? సంకటి చల్లారిపోతోంది, తిను. కండ పట్టాలి."

మర్నాడు వదిన కొట్టుకొచ్చి కూర్చుంది. నేను నాకు తోచిన సాయం చేశాను.

"కాలు బెణికిందని చెప్పు వదినా."

"ఏ కాలు?"

"ఏదో ఒకటి."

"సాయంత్రానికి ఏ కాలో మర్చిపోతాను. కుంటడం నాకు చేతకాదు సలీనా."

"ఓడిపోతే ఏమవుతుందిలే మరి."

"ఓడిపోవడానికి భయమేముంది, నాకు అలవాటే. ఆ తర్వాత అత్తయ్య చర్చిలో ఏ బల్ల మీద కూర్చుంటుంది? నా మాట మీద కాకపోయినా, నా మౌనం మీద ఇన్నేళ్లు తలెత్తుకు తిరిగింది. ఇప్పుడు ఆ తల దించేది నేనేగా." టీ చల్లారిపోయింది, తాగలేదు. వదిన టీ వదిలెయ్యడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆటల రోజున అమ్మ అందరికంటే ముందొచ్చి కుర్చీ వేయించుకుని కూర్చుంది. శాలువా కింద ఎత్తుగా ఏదో ఉంది. ఏమిటని చూస్తే సొరబుర్ర. బొగ్గు రాసి తోడుపెట్టిన పాలు, గెలిచి ఇంటికొచ్చినవాళ్లకి తాగించే ముర్సిక్. పందెం మొదలవకుండానే తెచ్చేసింది.

"అమ్మా, ఇంకా పరుగెత్తనే లేదు," అన్నాను గుసగుసగా.

"అయ్యాక ఇంటికి పోయి తెచ్చేలోపు చల్లబడిపోతుందిగా సంతోషం," అంది.

తల్లులు గౌన్లు పైకి దోపుకుని నిలబడ్డారు. ఈల వేయగానే దుమ్ము లేచింది. రేల్ ముందు, ఆవిడ వెనక గుంపు, గుంపు వెనక ఇంకో గుంపు, వాటన్నిటి వెనకా మా వదిన. చిన్న తరగతి పిల్లలు గోడెక్కి, "టీచర్, మేం వచ్చి తోసేదా?" అని అరుస్తున్నారు. వదిన వాళ్లకి చెయ్యూపింది.

"మీ మొదటిది చివర ఉందేమిటి?" అంది తాపుతనీ.

"చిరుత ఎప్పుడైనా మేక ముందు పరుగెత్తిందా?" అంది అమ్మ.

వాళ్లు సరుగుడు తోపు వెనక్కి వెళ్లిపోయారు. అక్కడ ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. నేను చేతిలో టీ కెటిల్‌తో నిలబడే ఉన్నాను, ఎవరికీ పొయ్యలేదు, ఎవరూ అడగలేదు.

తోపు ఇవతలికి ముందు రేల్ వచ్చింది. చాలా దూరం వెనక సంత దగ్గర చక్కెర దుకాణం ఆవిడ. ఆవిడ వెనక మా పెద్ద పంతులుగారి భార్య, మొహం ఎర్రగా కందిపోయి. ఆ వెనకే మా వదిన. గుంపు గుంపంతా ఆవిడ వెనకాల ఎక్కడో చెల్లాచెదురుగా ఉంది. అమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "అదిగో, మొదలెట్టింది," అంది.

గేటు ముందు చిన్న ఎత్తు ఉంది. అక్కడికొచ్చేసరికి పంతులుగారి భార్య కాళ్లు ఆగిపోయాయి, నడక మొదలుపెట్టింది. మూడడుగుల వెనక వదిన, నోరు మూసుకుని, హాయిగా. దాటాలి. చూస్తున్న ప్రతి మనిషికీ అదే అనిపించింది. వదిన దాటలేదు. ముందావిడ నెమ్మదిస్తే ఈవిడా నెమ్మదించింది. ఇంతలో వెనకనుంచి ఆసుపత్రి నర్సు, కుర్రది, పక్కనుంచి దూరబోయింది. అప్పుడు చూడాలి మా వదినని. ఎక్కడినుంచి తెచ్చిందో ఆ వేగం, పక్కకి జరిగి, భుజానికి భుజం పరుగెత్తి, ఆ పిల్ల ఊపిరి తెగేదాకా వదల్లేదు. నర్సు వెనకబడిపోయింది. వదిన మళ్లీ వెళ్లి పంతులుగారి భార్య వెనక, అదే మూడడుగుల దూరంలో, బుద్ధిగా సర్దుకుంది. అలాగే వచ్చేసింది. నాలుగోది.

వేరే ఊరైతే చప్పట్లు కొట్టేవాళ్లేమో. మా కొండ మీద పాలు మానని పిల్లాడికి కూడా ఎవరికి ఊపిరుందో, ఎవరికి లేదో తెలుస్తుంది. ఊపిరుండి దాటకపోవడమంటే మా దగ్గర ఒక్కటే అర్థం. వెనక ఎవరో ఆ మాట అనేశారు కూడా: "అమ్ముడుపోయింది."

అమ్మ లేచి నిలబడింది. బుర్ర శాలువా కిందే ఉంది. వదిన దగ్గరికి నడిచింది.

"నోరు మూసుకుని వచ్చావు."

"ఆఁ, అత్తయ్యా."

"అంటే ఊపిరుంది."

"ఉంది."

"ముందున్నది నడుస్తోంది."

"చూశాను."

"మరి ఎందుకు దాటలేదు? నేను ఇంట్లో లేనప్పుడు ఈ తాపుతనీ వచ్చిందా?"

"నేనెందుకొస్తానే?" అంది తాపుతనీ, నిజంగానే నొచ్చుకుని. "నా కోడలు గెలవడానికి నీ కోడలి దయ కావాలా?"

వదిన కాస్త తల వంచుకుంది, మళ్లీ ఎత్తింది. "మూడు వీపులు కనబడ్డాయి అత్తయ్యా," అంది.

"ఏమిటి?"

"నా ముందు మూడు వీపులు. బడి రోజుల్లో నా పనే అది. మా ముగ్గురు ముందుంటారు, వాళ్లకీ నాకూ మధ్య ఎవరినీ రానివ్వకూడదు. ఇవాళ తోపు దాటగానే లెక్కపెడితే మూడే ఉన్నాయి. కాళ్లకి ఇంటికి చేరినట్టనిపించింది. ఇంక ముందుకి పొమ్మంటే పోలేదు."

"వాళ్లు నీ జట్టు కాదే."

"నాకు తెలుసు. కాళ్లకి తెలీదు."

"మరి కప్పు?"

"జట్టుది. మొదటొచ్చిన పిల్లకి లారీలో వాంతులైతే నన్ను పట్టుకోమన్నారు. మా మామయ్య చూసింది అదే. నేనెప్పుడూ మొదట రాలేదు అత్తయ్యా. ఒక్కసారి కూడా. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను."

అమ్మ పక్కనున్న బల్ల మీద కూర్చుంది. మా అన్నయ్య దూరం నుంచి రాబోయి, అమ్మ మొహం చూసి, అక్కడే ఉన్న మేకని తోలడం మొదలుపెట్టాడు. ఆ మేక మాది కాదు. తాపుతనీ కూడా నవ్వలేదు. అంతకాలం పోట్లాడినదానికి ఆ మాత్రం మర్యాద తెలుసు.

అప్పుడు అమ్మ అడిగింది. "మొదటొచ్చిన పిల్ల పేరేమిటి?"

"జెప్‌కోరిర్."

"ఎక్కడుంది ఇప్పుడు?"

"తెలీదు."

"దాని అత్తగారికి ఈ సంగతి తెలుసో లేదో పాపం," అంది అమ్మ. "నువ్వు ఎన్నోదానివి ఆ రోజు? నిజం చెప్పు."

"మా మూడోదాని వెనకే. ఇరవై దాటింది."

అమ్మ పన్ను పీకినప్పుడు పెట్టినట్టు మొహం పెట్టింది. నేను కెటిల్ కింద పెట్టేశాను.

"ఇరవై దాటినదాన్ని పట్టుకుని కప్పిచ్చారా?"

"నలుగురివీ కూడితే మాదే తక్కువైంది. పక్క బడితో ఒక్క పిల్ల తేడా."

"అంటే నిన్ను ఇంకొకతి దాటి ఉంటే?"

"కప్పు వాళ్లకి పోయేది."

"ఎవరైనా దాటబోయారా?"

"చివర్లో ఒకతి వచ్చింది. వాళ్ల బడిదే."

"ఏం చేశావు?"

వదిన కొంచెం ఆలోచించింది. "ఇందాక నర్సుని చేసినట్టే," అంది.

అమ్మ తిరిగి చూసింది. నర్సు పిల్ల గడ్డి మీద చతికిలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఇంకా రొప్పుతోంది. అమ్మ ఆ పిల్లని నఖశిఖపర్యంతం చూసింది. తర్వాత వదిన కాళ్ల వైపు చూసింది. మెల్లిగా, సంతలో ఆవుని చూసినట్టు. అమ్మ ఊపిరి మారింది. ఆ మార్పు నాకే వినబడింది, వదినకి వినబడకుండా ఉంటుందా?

"అది కుర్రది," అంది అమ్మ.

"ఆఁ, చాలా కుర్రది."

"రోజూ ఆసుపత్రి కొండెక్కి దిగుతుంది."

"దిగుతుంది."

అమ్మ లేచింది. శాలువాలోంచి బుర్ర తీసి మూత విప్పి, నేరుగా రేల్ దగ్గరికి వెళ్లింది. "తాగు. గెలిచినదాన్ని ఎండిన నోటితో పంపితే కొండ పరువు పోతుంది," అని పెదాలకి పెట్టి, ఒక్క గుక్క అవగానే లాగేసుకుంది. రేల్ మూతి మీద నల్లటి పాలమీసం మిగిలింది. మిగతాదంతా తెచ్చి వదిన చేతిలో పెట్టి, "నిలబడి తాగకు, కడుపునొప్పి వస్తుంది," అంది. వదిన కూర్చుని తాగింది. సగం తాగి నర్సు పిల్లకిచ్చింది.

ఇంటికెళ్లే దారిలో అమ్మ రెండుసార్లు ఆగి, వేళ్ల మీద ఏదో కూడుకుంది.

తర్వాతి ఆదివారం వదిన చర్చికి నా వెనకాలే నక్కి నక్కి వచ్చింది. అమ్మ ఎక్కడ కూర్చుంటుందోనని ఇద్దరం చూస్తున్నాం. అమ్మ తన బల్ల దగ్గరికి నడిచింది, తన చోట్లోనే కూర్చుంది, గౌను సర్దుకుంది. తాపుతనీ ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"ఎంతైనా మా రేల్ మొదటిది," అంది. "మొదటిది నాలుగోదానికంటే పెద్దదేగా."

"నేను కాదన్నానా? మొదటిదే," అంది అమ్మ, ఎంతో జాలిగా. "ఒక్కతే పరుగెత్తింది పిచ్చిది. దాని మిగతా ముగ్గురూ ఏరి?"

తాపుతనీ ఆ ముగ్గురూ అక్కడే ఎక్కడో కూర్చుని ఉన్నట్టు వెనక బల్లల వైపు చూసింది. అమ్మ ఆవిడ వైపు జరిగి, వేళ్లు చాచి, ఆవుకి కాళ్లెన్ని అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి, జట్టు లెక్క వివరించడం మొదలుపెట్టింది. ఆవు మాట అమ్మకి ఎవరు చెప్పారో మీరు నన్ను అడగొద్దు. టీ కొట్టు నడిపేదానికి నోరు ఆగుతుందా?

పక్కన వదిన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, ఊపిరి అందనంతగా నవ్వుతోంది.

"అక్కడ ఏమిటా చప్పుడు?" అంది అమ్మ వెనక్కి తిరక్కుండానే. "పాట మొదలైంది, పాడండి."